విరళమృత్తికలు లేని సూదంటురాయి



నా మాటలు ఇప్పుడు మీ చెవిని బడుచున్నవన్నచో అందులకొక సూదంటురాయి కారణము. పాత రేడియోపెట్టెను వెనుకనుండి విప్పి చూచినవారు దాని నెరుగుదురు. కాగితపు గరాటుయొక్క మొదట, నడుమ రంధ్రముతో గారెవలె, నల్లని అయస్కాంతచక్రమొకటి యుండును. మీలో కొందరు ఈ ప్రసంగమును చేతిఫోనులో వినుచుండవచ్చును. అందలి అయస్కాంతము కందిబేడకంటె పెద్దది కాదు. అంత చిన్నదానికి అంత పట్టు ఎట్లు వచ్చెనో, ఆ పట్టుకై లోకము చెల్లించుచున్న వెల యేమో, ఆ వెల లేకుండ పని జరుపుకొను మార్గమేదైన గలదో, ఆ సంగతి నేడు విన్నవింప దలచితిని.

ఈ విషయమును నే నెత్తుకొనుటకు మా కుందుర్పిలో జరిగిన చిన్న సంగతి కారణము. మా యూరి పెద్దరైతొకరు వానలు పడిన పిమ్మట ఒకనాటి యుదయమున మా యింటికి వచ్చి, పైపంచె చెరగున ముడివేసి తెచ్చిన నల్లని యిసుకను అరుగుమీద పోసిరి. "అయ్యవారూ, వంకలో నీరు తీసిన తరువాత ఇది గీతలు గీతలుగా నిలిచియున్నది. మన జిల్లాలో అరుదైన మన్నులు బయటపడినవని పత్రికలో వచ్చెను గదా, ఇది యదియేనా?" అని యడిగిరి. నేను లోపలికిపోయి, పాడైపోయిన రేడియోనుండి తీసియుంచిన అయస్కాంతమును తెచ్చి, ఆ యిసుకపై ఆడించితిని. నల్లని రేణువులన్నియు దానిని కరచుకొని లేచినవి. "కాదు, పెద్దయ్యా! ఇది ఇనుపరజను. మన తాతలెరిగినదే" యని చెప్పితిని.

ఆయన ముఖము చిన్నబోయెను. అప్పుడు గాని అసలు సంగతి బయటికి రాలేదు. ఆయనకు గుట్టక్రింద ఆరెకరముల మెట్ట యున్నది. దళారి యొకడు వచ్చి, ఆ నేలలో విలువగల లోహమున్నదనియు, తాను బయానా యిచ్చెదననియు చెప్పి పోయెనట. మరియొకడు వచ్చి, ఇప్పుడమ్మవలదు, అప్పుచేసియైన నిలుపుకొన్నచో పదింతలు వచ్చునని చెప్పెనట. అమ్మవలెనా, అప్పు చేయవలెనా యని ఆయన ఎన్నియో రాత్రులు నిద్రలేక యున్నారట. ఆనాడు నేనాయనకు చెప్పిన మాటలనే కొంచెము వివరించి ఇప్పుడు చెప్పుచున్నాను.

మొదట పత్రికలలోని వార్తను గూర్చి. అది యబద్ధము కాదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థవారు అనంతపురము జిల్లాలోని కొన్ని రాళ్లలో విరళమృత్తికలను కనుగొనినట్లు 2023లో ప్రకటించిరి. సయనైటు అను జాతి రాళ్లను పరీక్షించుచుండగా లాంథనము, సీరియము, నియోడిమియము మున్నగునవి వానియందు కానవచ్చినవి. పెద్దవడుగూరు మొదలగు స్థలముల పేళ్లు ఆ సందర్భమున వెలువడినవి. అది గుత్తివైపు నేల. కుందుర్పి జిల్లాకు నైరుతిమూలను, కర్ణాటకపు టెల్లను ఆనుకొని యున్నది. మరియు లోతునకు బోరులు వేసి చూచినగాని ఎంత సరకు గలదో తేలదని ఆ శాస్త్రజ్ఞులే చెప్పిరి. రాతిలో నొక లోహమున్నదనుట వేరు. అది గనియగుట వేరు. ఆ గనివలన ఊరు బాగుపడుట మరియు వేరు.

ఇక విరళమృత్తికలనగా నేమి? ఇవి పదునేడు లోహములు. వీనిని మొదట కనుగొనినవారు మన్నువంటి రూపమున, అరుదైన రాళ్లలో చూచుటచే ఆ పేరు పెట్టిరి. పేరు నిలిచినది గాని యథార్థమున అవి అంత అరుదు కావు. భూమి పైపొరలో సీరియము ఇంచుమించు రాగియంత గలదు. కాని రాగి ఒకచోట పోగుపడి దొరకును. ఇవి చల్లబడి యుండును. అంతేగాక, ఈ పదునేడును ఒకే తల్లి బిడ్డలవలె ఒకదానినొకటి పోలియుండును. వేరుసెనగలో రాళ్లు ఏరవచ్చును. ఒకే రంగు, ఒకే బరువుగల రెండు జాతుల గింజలను ఏరుట యెట్లు? అందుచే రాతిని పిండిచేసి, ఆమ్లములలో కరిగించి, ఆ ద్రావణమును వందలకొలది తొట్లగుండ మరల మరల నడిపించి, ఒక్కొక్క దానిని విడదీయవలెను. మోనజైటు అను ఖనిజమునుండి తీసినచో దానితోగూడ థోరియమను రేడియోధార్మిక లోహము వచ్చును, దానిని భద్రపరుపవలెను. చైనాదేశమున బయాన్ ఓబో గనినుండి వచ్చిన ఖనిజమును శుద్ధిచేయగా మిగిలిన వ్యర్థము పావుటౌ నగరముచెంత పెద్ద చెరువువలె నిలిచియున్నది.

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు నేలలో, వేయి అడుగుల బోరునకు నీటికై నెత్తిన చేయి పెట్టుకొని కూర్చుండు మనకు, ఆ తొట్లలోనికి నీరెక్కడినుండి వచ్చును, ఆ తొట్లలోని నీరెక్కడికి పోవును అనునవి మొదటి ప్రశ్నలు కావలెను. గనులు వలదని నేననుట లేదు. అడుగవలసినది అడిగి తెలిసికొనవలెనని యనుచున్నాను.

ఇంత కష్టపడి వీనిని తీయుటెందులకు? ముఖ్యముగా సూదంటురాయికొరకు. కొంచెము చరిత్ర చెప్పెదను. పూర్వము ఉక్కుతోనే అయస్కాంతములను చేసెడివారు. అవి త్వరగా బలము కోల్పోయెడివి. 1917లో జపానుదేశపు హోండా కొబాల్టు కలిపిన ఉక్కుతో మేలైనదానిని చేసెను. 1931లో అదే దేశమున మిషిమా, ఇనుము, నికెలు, అల్యూమినియము కలిపి మరింత గట్టిదానిని కనుగొనెను. దాని సంతతికే అల్నికో యని పేరు. 1950 ప్రాంతమున హాలెండులోని ఫిలిప్సు సంస్థవారు ఇనుపతుప్పుతో బేరియమును కలిపి కాల్చి ఫెరైటను నల్లని పెంకువంటి అయస్కాంతమును వెలువరించిరి. రేడియోలోని గారె అదియే. 1960 తరువాతి దశకమున సమేరియము, కొబాల్టు కలిసిన అయస్కాంతము వచ్చెను. 1983లో జపానులో సగావా, అమెరికాలో క్రోట్, ఒకరి పద్ధతి నొకరెరుగకయే, నియోడిమియము, ఇనుము, బోరాను కలిసినదానిని ప్రకటించిరి. దానిలో దాచుకొనగల అయస్కాంతశక్తి, అదే పరిమాణముగల ఫెరైటులోనిదానికి పదిరెట్లు. కందిబేడ రహస్యమిదియే.

విద్యుత్తుతో నడచు వాహనములలో చాలవానికి ఈ నియోడిమియపు అయస్కాంతమే ప్రాణము. మన గుట్టలమీద తిరుగు గాలిమరలలోగూడ రెండు తెగలున్నవి. గేరుపెట్టె గలవానిలో పెక్కింటికి ఈ అయస్కాంతములు వలదు. గేరుపెట్టె లేని తెగలో ఈ అయస్కాంతములతో నడచువానికి మెగావాటొక్కింటికి అయిదారువందల కిలోలు పట్టును. వేడికి తాళుటకై డిస్ప్రోసియమను మరింత ప్రియమైన విరళమృత్తికను గూడ కొంచెము కలుపుదురు.

ఇట్టి సరకును శుద్ధిచేయుటలోను, అయస్కాంతములుగా మలచుటలోను నూటికి సుమారు తొంబదిపాళ్లు చైనాదేశము చేతిలో నున్నవి. 2010లో ఆ దేశమునకును జపానునకును తగవు వచ్చినప్పుడు సరకు నిలిచిపోయెను. మరుసటియేట ధరలు ఎన్నియో రెట్లు పెరిగెను. 2025 ఏప్రిల్ 4వ తేదీని చైనా యేడు విరళమృత్తికల యెగుమతికిని, వానితో చేసిన అయస్కాంతముల యెగుమతికిని అనుమతిపత్రములు కావలెనని శాసించెను. మన దేశపు వాహనశాలలకు ఆ వేసవిని గట్టి యిబ్బంది కలిగెను. ఒకే బావినుండి ఊరంతయు నీరు తోడుకొనుచుండగా, బావి గలవాడు గిలకకు తాళము వేసినట్లాయెను.

దీనికి మన ప్రభుత్వము చేసిన దొకటి, స్వంతబావి త్రవ్వుట. 2023లో విశాఖపట్నమున ఏటికి 3,000 కిలోల సమేరియము కొబాల్టు అయస్కాంతములను చేయు కర్మాగారమును జాతికంకితము చేసిరి. 2025 నవంబరులో కేంద్రమంత్రివర్గము 7,280 కోట్ల రూపాయలతో, ఏటికి 6,000 టన్నుల విరళమృత్తికాయస్కాంతములను తయారుచేయు శక్తి దేశమున నేర్పరచుటకై యొక పథకమును అంగీకరించెను. ఇది చేయదగినదే. ఐతే రెండవ మార్గము గూడ నొకటి గలదు. దాహమునే తగ్గించుట. అనగా విరళమృత్తికలే లేని గట్టి అయస్కాంతమును కనుగొనుట. నేటి ప్రసంగమునకు కేంద్రమిదియే.

ఇందలి చిక్కేమో తెలియవలెనన్న విరళమృత్తిక చేయు పని యేమో తెలియవలెను. అయస్కాంతములో బలమంతయు నియోడిమియముదని తలంపవలదు. బలము ముఖ్యముగా ఇనుముదే. ఇనుము మంచి కోడె వంటిది. కాని కట్టు లేని కోడె. ఏ వైపున అదలించిన ఆ వైపునకు తిరుగును. నియోడిమియము కట్టుగుంజవంటిది. ఇనుపపరమాణువులను ఒక దిక్కునకే తిరిగి నిలుచునట్లు పట్టియుంచును. ఆ గుంజ లేకుండ కోడెను నిలుపుట యెట్లు? అదియే ప్రశ్న.

దీనికి దొరికిన యుపాయములలో నొకటి చిన్నతనము. ఎంత చిన్నతనమనగా, నానోమీటరు లెక్కను. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసిన నొక భాగము నానోమీటరు. సెంటీమీటరు పొడవుగల వేరుసెనగగింజ కోటి నానోమీటర్ల పొడవన్నమాట.

చిన్నతనమున కంత మహిమ యేలయని మీరడుగవచ్చును. మీకు తెలిసిన యుపమానమే చెప్పెదను. పదియెకరముల చేను గలదనుకొనుడు. అన్నదమ్ములు పంచుకొని నడుమ గట్లు వేసికొందురు. ఎవడైన బలవంతుడు పక్కచేరెనా, గట్టు రాత్రికి రాత్రి జరుగును. ఇనుపముక్కలోను ఇట్టి మడులున్నవి. ఒక్కొక్క మడిలోని పరమాణువులన్నియు ఒకే దిక్కునకు తిరిగియుండును. పక్కమడిలోనివి వేరొక దిక్కునకు. ఒకదాని బలమును మరియొకటి కొట్టివేయుటచే వెలుపలికి బలము కానరాదు. అయస్కాంతమును దగ్గరకు తెచ్చినచో గట్లు జరిగి బలము ఒకవైపున పోగగును. తీసివేసినచో గట్లు మరల వెనుకకు జరుగును. అందుచే మెత్తని యినుము శాశ్వతాయస్కాంతము కాజాలదు.

ఇప్పుడు ఆ చేను తగ్గి తగ్గి రెండు సెంట్లకు వచ్చెననుకొనుడు. దానిలో గట్టు వేసినచో గట్టే నేలను మ్రింగివేయును. అందుచే పంచుకొనుట మాని యందరును ఒక్కటిగనే సాగుచేయుదురు. ఇనుపరేణువు కొన్నిపదుల నానోమీటర్ల పరిమాణమునకు దిగినప్పుడు జరుగునది సరిగా నిదియే. గట్టు పట్టుటకు చోటు చాలదు. రేణువంతయు ఒకే మడియగును. జరుగుటకు గట్టే లేనప్పుడు, దాని దిక్కు మార్చవలెనన్న మడినంతటిని ఒక్కసారిగా త్రిప్పవలెను. అది కష్టము. ఆ రేణువు సూదివలె పొడవుగా నున్నచో మరింత కష్టము. ఇట్టి ఏకమడి రేణువు లుండవచ్చునని ఫ్రెంకెల్, డార్ఫ్‌మాన్ అను రష్యా శాస్త్రజ్ఞులు 1930లోనే చెప్పిరి. ఇందు హద్దును గలదు. రేణువు మరీ చిన్నదైనచో వాతావరణపు వేడికే యది గింగురులు తిరుగును. అప్పుడు దిక్కు నిలువదు.

మిషిమా సంతతియైన అల్నికో బలమునకు కారణము గూడ ఇదేయని తరువాత తెలిసెను. తగిన విధముగ చల్లార్చినప్పుడు ఆ లోహములో ఇనుము, కొబాల్టు సన్నని కడ్డీలవలె, పదుల నానోమీటర్ల మందమున, తమంతట తామే విడివడి నిలుచును. నానో యను మాట పుట్టకముందే కంసాలి కొలిమిలో ఆ పని జరిగినదన్నమాట.

ఈనాడు ఈ త్రోవను నడచుచున్న ప్రయత్నములలో నాలుగింటిని చెప్పెదను.

మొదటిది ఇనుము, నత్రజని. ఎనిమిది ఇనుపపరమాణువులకు ఒక నత్రజని పరమాణువుచొప్పున ఒక ప్రత్యేకమైన అమరికలో చేరినచో, ఇనుముకంటెను బలమైన పదార్థమగునని 1972లో జపాను శాస్త్రజ్ఞులు చెప్పిరి. చాలకాలము వివాదము నడచినది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు దీనిని మరల చేపట్టి అయస్కాంతముగా మలచుటకు కృషిచేసిరి. ఇనుము భూమిలో నున్నది, నత్రజని గాలిలో నున్నది. ఎవనిని యాచింప బనిలేదు. కాని రెండువందల డిగ్రీలు దాటినప్పుడు ఈ పదార్థము చెదరిపోనారంభించును. పొడిని కాల్చి ముద్దచేయు పాతపద్ధతి దీనికి పనికిరాదు.

రెండవది మాంగనీసుతో చేసినవి. మన విజయనగరము జిల్లాలో మాంగనీసు గనులు గలవు. బిస్మతుతో కలిసిన మాంగనీసుకు విచిత్రమైన గుణమున్నది. తక్కిన అయస్కాంతముల పట్టు వేడికి సడలును; దీని పట్టు కొంతవరకు వేడితో పెరుగును. మండువేసవిని తిరుగు మోటారులకు ఎంతయో యనుకూలము. ఐతే బలము తక్కువ. మరియు బిస్మతుకొరకు గూడ చైనామీదనే చాలవరకు ఆధారపడవలెను. అల్యూమినియముతో కలిపినది చౌక, కాని దాని యమరిక స్థిరము కాదు.

మూడవది ఆకాశమునుండి పడినది. కొన్ని ఉల్కాశిలలలో ఇనుము, నికెలు ఒక వరుస విడిచి యొక వరుసగా, సాళ్లలో విత్తినట్లు అమరియుండును. అది విరళమృత్తికలు లేని చక్కని అయస్కాంతము. కాని అంతరిక్షమున లక్షలయేండ్లు మెల్లగా చల్లారుటచే ఆ యమరిక కలిగినది. కొంచెము భాస్వరము కలిపినచో ఆ యమరికను త్వరగా పొందవచ్చునని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 2022లో ప్రకటించిరి. సంతకు వచ్చు సరకుగా నది యింకను కాలేదు.

నాలుగవది జోడుకట్టుట. కొత్తకోడెకు మడక నేర్పునప్పుడు మీరేమి చేయుదురు? నేర్చిన యెద్దుతో కాడికట్టుదురు. పెద్దయెద్దు నడచిన సాలునే కోడెయు నడచును. 1991లో జర్మనీలో నెల్లర్, హావిగ్ అనువారు ఇదే యుపాయమును అయస్కాంతములకు చెప్పిరి. బలముగల మెత్తని పదార్థమును, బలము తక్కువైనను పట్టుగల గట్టి పదార్థమును, పది నానోమీటర్ల మందమున పక్కపక్కన నిలిపినచో గట్టిది మెత్తనిదానిని తన దిక్కుననే నిలుపును. మెత్తనిది మరీ మందమైనచో, కాడి తెంచుకొన్న కోడెవలె తన దారిని బోవును.

ఇన్ని యున్నను నియోడిమియము నింకను సింహాసనమునుండి దింపినవారు లేరు. కారణము తయారీలోని కష్టము. సన్నని యినుపపొడి గాలి తగిలినంతనే తుప్పుపట్టును, ఒక్కొక్కప్పుడు అంటుకొనును. దానిని ఒక దిక్కునకు వరుసదీర్చి, సందు లేకుండ కూర్చవలెను. వేడిచేసి కూర్చినచో రేణువులు ఒకదానితో నొకటి కలిసి పెద్దవగును. మరల గట్లు పుట్టును. జిగురుతో కూర్చినచో జిగురు ఆక్రమించిన చోటంత బలము తగ్గును. చిటికెడు పొడిలో సాధించినది బండెడు సరకులో సాధించుట వేరు. హైదరాబాదులో 1963నుండి యున్న రక్షణ లోహశోధనాలయమువారు సమేరియము అయస్కాంతములపై పనిచేసిరి. బాలాపురమువద్ద ఏ.ఆర్.సి.ఐ. యను పరిశోధనసంస్థవారు మోటారులకు తగిన అయస్కాంతములను గూర్చి పాటుపడుచున్నారు. ఇట్టి విద్యాలయములలో మన పిల్లలకు గూడ పని యున్నది.

మరియొక మాట. ప్రతిచోటను మిక్కిలి బలమైనదే కావలెనను నియమము లేదు. మన బోరులలో దింపు మామూలు మోటారులో శాశ్వతాయస్కాంతమే లేదు; రాగితీగయు, ఇనుపరేకులును మాత్రమే యున్నవి. కొంచెము స్థూలమైనను పరవాలేదన్న చోట్ల ఫెరైటు నేటికిని పని జరుపుచున్నది. బలమైనదానిని తప్పనిసరియైన చోటనే వాడి, తక్కినచోట్ల చౌకదానితో సరిపెట్టుకొనుట మీ యిండ్లలో స్త్రీలు నేతిని వాడునట్టి నేర్పే.

ఇక మా పెద్దరైతు మాట. ఇదంతయు విని ఆయన, "ఐతే గుంజ మార్చుటకు చదువుకొన్నవారు పాటుపడుచున్నారు. అది కుదిరెనా, నేడు బంగారమను మన్ను రేపు మన్నే యగును. కుదరలేదా, నీళ్లు కావలెను. ఏ విధముగ చూచినను దళారిమాటకు పునాది లేదు" అనిరి. నేను, "గని త్రవ్వవలెనన్న ప్రభుత్వానుమతి కావలెను, కాగితము లేని మాటకు భూమిని ముడిపెట్టవలదు, అమ్ముటైనను నిలుపుకొనుటైనను మెట్టకు గల విలువను బట్టియే చేయుడు" అంటిని. ఆయన బయానా పుచ్చుకొనలేదు, అప్పును చేయలేదు. ఆ యేట ఆ మెట్టలో వేరుసెనగయే విత్తిరి. పంట ఎట్లుండెనని యడుగకుడు. వాన సంగతి మీకు తెలియనిది కాదు. కాని నేల ఆయన పేరనే యున్నది.

మీ యూరిలో నెవరైన ఇట్టి మాటలతో వచ్చినచో మూడడుగుడు. పరీక్షించినవారెవరు? అనుమతి యేది? నీరెక్కడిది? ఈ మూడింటికి జవాబు కాగితముమీద చూపినవానితోనే తరువాతి మాట మాటాడుడు.

ఆ నల్లని యిసుకను పెద్దాయన మా యరుగుమీదనే విడిచిపోయిరి. దానివలన ధనవంతులమగుదుమని నేను చెప్పజాలను. కొంచెము సీసాలో పోసి బడికి పంపితిని. పిల్లలు కాగితముక్రింద అయస్కాంతమును త్రిప్పుచు, ఆ రజను సూదులవలె లేచి నిలుచుటను చూచుచున్నారు.